కుట్టు విచ్చిపోతుందని

ఇలా రా అమ్మడూ, ఇంకాస్త దగ్గరికి జరుగు. ఆ దిండు వీపు వెనక పెట్టుకుని గోడకు ఆనుకో. నాకు ఎడమ చెవి సరిగ్గా పని చెయ్యదు, కాబట్టి ఈ పక్కన కూర్చో. ఏదైనా అడగాలనిపిస్తే మధ్యలోనే అడిగెయ్. కథ పూర్తయ్యాక అడిగావంటే నేను మళ్ళీ మొదట్నుంచి చెబుతాను, అప్పుడు నువ్వే ఏడుస్తావు.

మీ పెద్దమ్మకు, అంటే నా పెద్దకోడలికి, క్యాన్సర్ వచ్చినప్పటి సంగతి ఇది. నువ్వప్పటికి పాకుతున్నావు. కనపడిన గుండీనల్లా నోట్లో పెట్టుకునేదానివి, అది తియ్యలేక మీ అమ్మ చచ్చేది. గుండీ దొరకని మూల మన ఇంట్లో ఎక్కడుంది గనక? వీధి వైపు గదంతా కుట్టు దుకాణం, వెనక రెండు గదుల్లో మన కాపురం. మీ తాతగారు దర్జీ, వాళ్ళ నాన్న దర్జీ, మీ పెదనాన్న దర్జీ. నేను కొత్తకోడలిగా వచ్చి ఇంకా ఎవరు ఎవరో తెలియకముందే నా చేతికి సూదిచ్చి కాజాలు కుట్టమని కూర్చోబెట్టారు. మీ పెద్దమ్మకైతే కత్తిరింపు అబ్బింది. ఆవిడ కుడిచేత్తో కత్తెర పట్టుకుని గుడ్డ మీద వెళ్తుంటే నీళ్ళ మీద పడవ వెళ్తున్నట్టు ఉండేది.

ఆ కుడి పక్కనే రొమ్ములో గడ్డ వచ్చింది. పరీక్ష చేసి క్యాన్సరే అన్నారు. ముందు మందులు ఎక్కించారు, జుట్టంతా ఊడిపోయింది. తర్వాత ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు, చంకలో కట్టిన బిళ్ళలు కూడా తీసేశారు. అంతా బాగా జరిగిందన్నారు. ఇక మిగిలింది కరెంటు పెట్టించుకోవడం. డాక్టర్లు రేడియేషన్ అంటారు, మనలాంటి వాళ్ళం కరెంటు పెట్టడం అంటాం. లోపల ఎక్కడైనా జబ్బు ముక్క మిగిలిపోయి ఉంటే దాన్ని మాడ్చెయ్యడానికట. గాయం మానాక మొదలుపెడతామన్నారు.

ఇంటికి పంపే రోజున ఆసుపత్రిలో ఒక అమ్మాయి మంచం దగ్గరికి వచ్చింది. పొట్టిగా, చలాకీగా, చేతులు మోచేతుల దాకా మడిచిన చొక్కాతో ఉంది. ఆపరేషన్ చేసిన చేతికి వ్యాయామాలు నేర్పే ఫిజియో. జుట్టు దువ్వుకున్నట్టు చెయ్యి తల మీదికి పోనివ్వాలని, గోడ మీద వేళ్ళతో సాలీడులా పైపైకి పాకించాలని, రోజూ కొంచెం కొంచెంగా చెయ్యాలని చేసి చూపించింది. "ఎత్తండి, ఎత్తండి" అన్న మాట తప్ప ఆ అమ్మాయి నోటి నుంచి వేరే మాట రాలేదు. ఆ రోజే మేము ఎత్తండమ్మ అని పేరు పెట్టేశాం.

ఆ వెనకే నర్సు వచ్చి ఇంకో మాట చెప్పింది. ఆ చేత్తో బరువులు ఎత్తకూడదు, ఆ చేతికి సూదులు పొడిపించకూడదు, ఆ చెయ్యి తెగకుండా కాలకుండా చూసుకోవాలి. మీ పెదనాన్న రెండూ విన్నాడు. కానీ 'కూడదు' అన్నవి మాత్రమే చెవిలో మిగుల్చుకున్నాడు, 'చెయ్యాలి' అన్నవి ఆసుపత్రి గేటు దగ్గరే రాలిపోయాయి.

ఇంటికి రాగానే ఏం చేశాడో తెలుసా? మెత్తటి నూలు గుడ్డ తీసి, దానికి లోపల ఇంకా మెత్తటి లైనింగ్ వేసి, చేతిని గుండెకు ఆనించి పట్టి ఉంచే ఒక సంచీ కుట్టాడు. మెడ దగ్గర ఒరుసుకోకుండా దూది పెట్టాడు. బొటనవేలు బయటికి రావడానికి కాజాలాంటి చీలిక, భుజం మీద రెండు గుండీలు, రుమాలు పెట్టుకోవడానికి పక్కన చిన్న జేబు. అది చూసి చుట్టుపక్కల వాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. ఒకావిడైతే, "నా చెయ్యి విరగలేదు గానీ, నాకూ ఒకటి కుట్టిపెట్టు బాబూ" అంది.

"ఎత్తండమ్మ ఏదో చెయ్యమంది కదరా" అన్నాను నేను.

"కొత్త కుట్టమ్మా" అన్నాడు మీ పెదనాన్న. "కుట్టిన గుడ్డని అప్పుడే లాగితే ఏమవుతుంది? సూది కన్నాలు పెద్దవవుతాయి, పక్కనుంచి చిరుగు పడుతుంది. గుడ్డకే అలా అయితే ఒంటికెలా ఉంటుంది? కుదురుకోనీ."

ఇంట్లో ఎవ్వరం మారు మాట్లాడలేదు. దర్జీల ఇల్లు కదా, గాయాన్ని చూసినా మాకు దారమే కనపడింది. పైగా మీ పెద్దమ్మకు కదిపితే నొప్పి. వద్దనేవాళ్ళు ఉంటే ఆవిడకూ హాయిగానే ఉంది. మంచినీళ్ళు చేతికే, పళ్ళెం ఒళ్ళోకే. తల మీద మొలుస్తున్న నాలుగు వెంట్రుకలను కూడా మీ పెదనాన్నే దువ్వేవాడు.

అలా ఒక నెల దాటింది. కరెంటు పెట్టడానికి ముందు కొలతలు తీసుకునే స్కానింగ్‌కు రమ్మన్నారు. ముగ్గురం వెళ్ళాం. మీ పెదనాన్నను బయట కూర్చోబెట్టి, బట్టలు మార్చడానికి సాయంగా నన్ను లోపలికి రానిచ్చారు. చల్లటి గది. మధ్యలో గట్టి బల్ల, దాని చుట్టూ పెద్ద గుండ్రటి చట్రంలాంటి యంత్రం. బల్ల మీద తల పక్కన, కాస్త పైగా, చెయ్యి ఆనించడానికి తొట్టిలాంటి ఆసరా ఉంది. ఆ యంత్రం నడిపే ఆయన నెరిసిన మీసాలాయన, చాలా మర్యాదస్తుడు.

"పడుకుని ఈ చెయ్యి తల పైకి తీసుకెళ్ళి దీంట్లో పెట్టండమ్మా. పెట్టాక కదలకూడదు, అంతే పని" అన్నాడు.

మీ పెద్దమ్మ చెయ్యి ఎత్తింది. భుజం దాకా వచ్చి, లోపల్నుంచి ఎవరో గడియ వేసినట్టు ఆగిపోయింది. ఆయన మోచేతి కింద చెయ్యి వేసి కొంచెం సాయం పట్టబోయాడు. మీ పెద్దమ్మ పెట్టిన కేకకు నా చేతిలో ఉన్న ఆవిడ బట్టలు కింద పడిపోయాయి. ఆయన చటుక్కున చెయ్యి తీసేశాడు.

"దించెయ్యండమ్మా. బలవంతం చెయ్యకూడదు" అన్నాడు. నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు: "ఈ చెయ్యి ఇలా ఉంటే కరెంటు వెళ్ళే దారికి అడ్డంగా ఉన్నట్టే మామ్మగారూ. చట్రంలోకి కూడా పట్టదు. చెయ్యి పైకి వెళ్ళకపోతే మేం మొదలుపెట్టలేం."

తలుపు తెరుచుకోగానే మీ పెదనాన్న లేచి నిలబడ్డాడు. ఇంత త్వరగా అయిపోయిందని వాడి ముఖంలో వెలుగు. ఆ వెలుగు ఆరిపోవడం నేను చూశాను.

పెద్ద డాక్టరు మమ్మల్ని తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "సోమవారం మళ్ళీ రండి. ఈలోగా రోజూ ఫిజియో గదికి వెళ్ళండి" అన్నారు.

"సోమవారానికి లేవకపోతే?" అంది మీ పెద్దమ్మ.

"వేరే పద్ధతులు వెతకాలి. అవి దీనంత మంచివి కావు. ఆగుదామంటే, ఊరికే ఆగుతూ కూర్చోవాల్సిన జబ్బు కాదమ్మా ఇది."

విన్నావా? లోపల మిగిలి ఉందో లేదో తెలియని ఆ జబ్బుకూ, దాన్ని మాడ్చే యంత్రానికీ మధ్య మీ పెద్దమ్మ చెయ్యి తలుపులా అడ్డం పడి ఉంది. ఆ తలుపు సోమవారానికి తెరుచుకోవాలి.

ఫిజియో గది ఆసుపత్రి వెనక వైపు ఉండేది. పొడుగాటి కిటికీలు, గోడకు కప్పీలు, కప్పీల మీదుగా తాళ్ళు, ఒక మూల నిలువుటద్దం. ఎత్తండమ్మ ఎదురొచ్చి మీ పెద్దమ్మ భుజం మీది గుండీలు విప్పి ఆ సంచీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎవరు కుట్టారిది?"

"నేనే" అన్నాడు మీ పెదనాన్న, కొంచెం ఛాతీ విప్పి.

"ఎంత బాగా కుట్టారండీ! అక్కడే వచ్చింది చిక్కు. నాసిరకంగా కుట్టి ఉంటే అక్క ఎప్పుడో విప్పి అవతల పడేసేది."

వాడికి అది పొగడ్తో తిట్టో అర్థం కాక నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

ఎత్తండమ్మ మీ పెద్దమ్మను బల్ల మీద పడుకోబెట్టి, చెయ్యి పక్కకు చాపించి, చంకలో వేలు పెట్టి నాకు చూపించింది. చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద సన్నటి తాడు ఒకటి బిగుసుకుని పైకి లేచింది. కుచ్చుల కోసం గుడ్డలో వేసిన దారం కొస పట్టుకుని లాగితే గుడ్డంతా ముడుచుకుంటుంది చూడు, అచ్చం అలా ఆ తాడు చేతిని కిందికి గుంజి పట్టింది.

"చూశారా? లోపలి కుట్టు దారం! నేను చెప్పలేదూ?" అన్నాడు మీ పెదనాన్న.

"దారం కాదండీ టైలరు గారూ. చంకలో ఆపరేషన్ అయిన కొందరికి ఇలా తాడు కడుతుంది. కదిలిస్తుంటే సాగి, మెల్లగా పోతుంది. కదపకపోతే ఇదిగో, ఇలా బిగుస్తుంది. అక్కా, ఊపిరి పీల్చుకో. ఇప్పుడు వదులుతూ ఎత్తు. ఎత్తండి, ఎత్తండి…"

"అబ్బా!" అంది మీ పెద్దమ్మ.

"ఆపండి!" అన్నాడు మీ పెదనాన్న.

ఆ రోజంతా ఇదే వరస. మర్నాడూ ఇదే వరస. చివరికి కొన్నిసార్లు ఆవిడ అనకముందే వాడు అరిచేవాడు. ఎత్తండమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "టైలరు గారూ, నొప్పి ఎవరిది? అక్కదా, మీదా? మీరు బయట బల్ల మీద కూర్చోండి, మీకు తర్వాత విడిగా వైద్యం చేస్తాను" అని పంపించేసింది. తలుపు మాత్రం ఓరగా తెరిచి ఉంచమన్నాడు. సరే అంది.

అదే గదిలో ఒక పెద్దాయన రోజూ వచ్చేవాడు. ఒకప్పుడు బస్సు కండక్టరు. నోట్లో క్యాన్సర్‌కు ఆపరేషన్ చేస్తే దవడ బిగుసుకుపోయింది. ఐస్‌క్రీం పుల్లల్లాంటి చెక్కపుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టుకుని, వాటి మధ్యకు ఇంకొకటి దూర్చుతూ నోరు తెరవడం ఆయన వ్యాయామం. నోరు తెరుచుకోకపోయినా ఆయన నోరు మూతపడేది కాదు. మీ పెద్దమ్మ గోడ మీద వేళ్ళు పాకిస్తూ ఆగిపోతే, పళ్ళ సందుల్లోంచే అరిచేవాడు: "జరగాలమ్మా, పైకి జరగాలి! పైనంతా ఖాళీగా ఉంది, ఫుట్‌బోర్డు మీద వేలాడతారేంటి?"

"మీ నోరు కూడా జరపండి ముందు" అనేది మీ పెద్దమ్మ, కన్నీళ్ళతోనే.

"నాది ఫుల్లు లోడమ్మా. ఇంకొక్క పుల్ల ఎక్కితే టైరు పేలుతుంది."

నవ్వితే ఆవిడ భుజం వదులయ్యేది. అది కనిపెట్టి ఎత్తండమ్మ, ఆవిడ నవ్వుతున్నప్పుడే చెయ్యి ఇంకొంచెం జరిపేది. అలా జరిపి జరిపి చెయ్యి భుజం దాటింది, చెవి దాకా వచ్చింది. అక్కడ మళ్ళీ ఆ తాడు అడ్డం పడింది. గురువారం అక్కడే. శుక్రవారం పొద్దున్న కూడా అక్కడే. ఇంటికి వెళ్ళాక మీ పెదనాన్న మళ్ళీ సంచీ తగిలించేవాడు. "ఇంట్లోనైనా కాస్త విశ్రాంతి ఇవ్వాలిగా" అనేవాడు. నేను వద్దంటే ఆవిడే, "ఉండనివ్వండి అత్తయ్యా" అనేది. నిజం చెప్పాలంటే ఆవిడకూ భయం పోలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఏం జరిగిందో చెబుతాను, విను. మీ పెద్దమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. ఎత్తండమ్మ ఒక చెయ్యి చంక దగ్గర, ఇంకో చెయ్యి మోచేతి దగ్గర పెట్టి, చర్మాన్ని మెల్లగా సాగదీస్తోంది. కండక్టరు పుల్లలు నోట్లో పెట్టుకుని అటే చూస్తున్నాడు. గది నిశ్శబ్దంగా ఉంది.

ఠప్.

అంతే. చిన్న చప్పుడు. కానీ గదిలో అందరికీ వినపడింది. మీ పెద్దమ్మ కళ్ళు పెద్దవైపోయాయి. కండక్టరు నోట్లోంచి పుల్లలన్నీ నేల మీద రాలాయి.

తలుపు ధడాలున తెరుచుకుంది. "తెగింది!" అంటూ వచ్చాడు మీ పెదనాన్న. "కుట్టు తెగింది. నాకు తెలుసు ఆ చప్పుడు. బయట కూర్చున్నా వినిపించింది."

ఎత్తండమ్మ కంగారు పడలేదు. చంకలో, గాయం పొడుగునా, వెనక వైపు, అంతా తడిమి చూసింది. నెత్తురు లేదు, వాపు లేదు, చర్మం ఎక్కడా విచ్చలేదు. "ఆ తాడు వదిలింది అక్కా. ఒక్కోసారి ఇలా ఠప్పుమంటుంది, దానివల్ల ప్రమాదం లేదు. అయినా మీ తృప్తి కోసం ఆపరేషన్ చేసిన డాక్టరు గారికి కూడా చూపిద్దాం. ఆపరేషన్ థియేటర్లో ఉన్నారు, వచ్చేదాకా కూర్చోండి."

"కూర్చోవడాలు లేవు" అన్నాడు మీ పెదనాన్న. "నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను. లాగొద్దు, లాగొద్దు అని. తెగిన దారం చప్పుడు నాకు నేర్పుతారా మీరు?"

"ఒరేయ్, ఆ పిల్ల చెప్పేది విను" అన్నాను.

"నువ్వాగమ్మా!"

నా కొడుకు నా మీద గొంతెత్తడం అదే మొదలు. వాడు సంచీ తగిలించి గుండీలు పెడుతుంటే మీ పెద్దమ్మ బొమ్మలా కూర్చుంది. ఎత్తండమ్మ ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చుని, "అక్కా, వెళ్ళడం వెళ్ళకపోవడం నీ ఇష్టం. కానీ సోమవారం మర్చిపోకు" అని మాత్రం అంది.

శనివారం ఇంట్లో మిషను చప్పుడు తప్ప మనిషి చప్పుడు లేదు. మీ పెదనాన్న తలెత్తకుండా కుడుతూనే ఉన్నాడు. కుట్టిందే విప్పి మళ్ళీ కుడుతున్నాడని నాకు తెలుసు, చూసీ చూడనట్టు ఊరుకున్నాను. పదింటికి ఎత్తండమ్మ ఫోన్ చేసింది. ఆపరేషన్ చేసిన డాక్టరు మధ్యాహ్నం దాకా ఉంటారట, తీసుకురమ్మంది. మీ పెదనాన్న, "ఆ గదికి మళ్ళీ తీసుకురాను" అని ఫోన్ పెట్టెయ్యబోయాడు. మీ పెద్దమ్మ ఎడమ చెయ్యి చాపింది. ఇచ్చాడు. ఆవిడ ఫోన్ పట్టుకుని వెనక గదిలోకి వచ్చింది, నేను అక్కడే ఉన్నాను.

"వాపు లేదు… జ్వరం లేదు… ఎర్రగా కూడా లేదు" అని సమాధానాలు చెబుతోంది. అవతల నుంచి 'చెయ్యి ఎలా ఉంది' అని అడిగినట్టుంది. మీ పెద్దమ్మ గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "తేలిగ్గా ఉంది" అంది.

ఫోన్ పెట్టేశాక నా పక్కన కూర్చుంది. సంచీలో ఉన్న చెయ్యి మెల్లగా కదులుతోంది, బట్ట కింద ఎలుకపిల్ల కదిలినట్టు.

"నిన్నట్నుంచీ ఆ గుంజుడు లేదు అత్తయ్యా. చెబుదామంటే భయంగా ఉంది."

"ఎవరి భయం? వాడిదా?"

"ఆయన భయం నాకు అంటుకుంది. ఇప్పుడు ఏది ఎవరిదో తెలియట్లేదు."

"డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను పద" అన్నాను.

వెళ్ళాం. చెప్పకుండా ఏం కాదు, వాడి ముందు నుంచే వెళ్ళాం. వాడు రాలేదు, ఆపనూ లేదు. డాక్టరు చూసి, ఎత్తండమ్మ చెప్పిందే చెప్పారు: గాయం బాగా మానింది, వ్యాయామం చేసుకోవచ్చు. వచ్చి ఆ మాట చెబితే మీ పెదనాన్న, "వాళ్ళూ వాళ్ళూ ఒకటే" అన్నాడు. మనిషి భయంలో పడితే అంతే అమ్మడూ, దేవుడే దిగొచ్చి చెప్పినా రసీదు అడుగుతాడు. మళ్ళీ సంచీ అందుకున్నాడు. మీ పెద్దమ్మ చెయ్యి ఇచ్చింది గానీ, వాడి ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు.

ఆదివారం దుకాణం మూసి ఉంది. మధ్యాహ్నం నేను ముందు గదిలో కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతున్నాను. మీ పెదనాన్న కత్తెరకు నూనె పెడుతున్నాడు. మీ పెద్దమ్మ లోపల్నుంచి వచ్చి, బట్టలు వేసుకుని చూసుకునే ఆ మూలగదిలోకి వెళ్ళింది. అదే, తెర వేలాడుతుంటుంది చూడు, అక్కడికి.

"ఏవండీ, టేపు తీసుకుని ఇలా రండి. కొలత తియ్యాలి."

"దేనికి?"

"జాకెట్టుకి. పాతవన్నీ ఈ పక్క వేలాడుతున్నాయి."

"ఇప్పుడేం తొందరొచ్చింది? కంటి చూపుతో కుట్టేస్తాను నీకు. నీ కొలత నాకు తెలియదా?"

"తెలియదు" అంది మీ పెద్దమ్మ. "ఆపరేషన్ అయ్యాక ఒక్కసారైనా చూశారా నన్ను?"

వాడి చేతిలో కత్తెర ఆగింది. అమ్మడూ, అది నిజం. కట్లు మార్చింది నేను, స్నానం చేయించింది నేను. వాడు తల దువ్వాడు, గుండీలు పెట్టాడు, కానీ గాయం వైపు కన్నెత్తి చూడలేదు. చూడకుండానే, లోపల ఏముందో వాడి బుర్రలోనే కుట్టుకున్నాడు.

వాడు టేపు మెడలో వేసుకుని తెర వెనక్కి వెళ్ళాడు. తెర కింద నుంచి నాకు నాలుగు పాదాలు కనిపిస్తున్నాయి, అంతే. నేను లేచి లోపలికి వెళ్ళిపోయి ఉండాల్సింది. వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే నీకీ కథ ఎవరు చెబుతారు?

గుండీలు విప్పిన చప్పుడు. గుడ్డ జారిన చప్పుడు. నా సూది గుండీ కన్నంలోనే ఆగిపోయింది.

"తల తిప్పుకోకండి" అంది మీ పెద్దమ్మ గొంతు. "కుట్టు ఎక్కడుందో చూపించండి నాకు."

వాడి పాదాలు అర అడుగు వెనక్కి జరిగాయి.

"చూపించండి. విచ్చిపోతుంది, విచ్చిపోతుంది అంటున్నారుగా. ఎక్కడ విచ్చిపోతుందో వేలు పెట్టి చూపించండి."

అప్పుడు మీ పెదనాన్న గొంతు వినపడింది. నేనెప్పుడూ వినని గొంతు అది, చిన్నపిల్లాడిలా ఉంది. "దారం లేదే."

"లేదు. ఎప్పుడో తీసేశారు."

"గీత ఉంది… కానీ అతుకు లేదు. కలిసిపోయింది." అన్నాడు. "గుడ్డ ఇలా కలవదే. ఎన్నేళ్ళయినా కుట్టు పట్టుకుంటేనే నిలుస్తుంది. ఇది తనంతట తనే కలిసిపోయింది."

"మరి? నేనేం గుడ్డనా?"

వాడు ఏడ్చాడనుకుంటాను. తెర కదిలింది. మీ పెద్దమ్మ వాణ్ణి ఎక్కువసేపు ఏడవనివ్వలేదు. "చంక కొలత తీసుకోండి. చెయ్యి ఎత్తకుండా ఎవరికైనా చంక కొలత తీశారా ఇంతకాలం? మీ చెయ్యి నా మోచేతి కింద పెట్టండి. మీరు ఎత్తకండి, ఊరికే పెట్టండి. నేను ఎత్తుతాను."

పాదాలు కదిలాయి. ఊపిరి పీల్చిన చప్పుడు వినపడింది.

"అబ్బా" అంది మీ పెద్దమ్మ.

నేను కళ్ళు మూసుకున్నాను. ఇప్పుడు ఆపండి అంటాడు, ఇక అయిపోయింది అనుకున్నాను.

"ఊపిరి వదులు" అన్నాడు మీ పెదనాన్న. ఓరగా తెరిచిన తలుపు బయట కూర్చుని అన్ని రోజులూ అరవడమే కాదు, విన్నాడన్నమాట. "వదులు… ఆ… ఇప్పుడు ఎత్తు. ఇంకొంచెం. టేపు తిరగట్లేదు, ఇంకొంచెం ఎత్తు."

ఆ సాయంత్రం వాళ్ళు కొలత ఎన్నిసార్లు తీశారో దేవుడికే తెలియాలి. చీకటి పడేలోపు మీ పెద్దమ్మ గోడకు ఎదురుగా నిలబడి, మీ పెదనాన్న పక్కన నిలబడి, వేళ్ళు పైకి పాకిస్తూనే ఉన్నారు. సంచీ మూలగదిలో నేల మీదే పడి ఉంది, ఎవరూ తియ్యలేదు. అయినా చెయ్యి పూర్తిగా వెళ్ళలేదమ్మా. చెవి దాటింది, తల పక్కకు వచ్చింది, కానీ అక్కడ నిలవట్లేదు. వణికి దిగిపోతోంది. ఆ తొట్టిలో పెట్టి కదలకుండా ఉంచాలన్నాడు ఆ మీసాలాయన. ఎత్తడం ఒక ఎత్తు, నిలపడం ఇంకో ఎత్తు.

సోమవారం పొద్దున్నే వెళ్ళాం. ఆ రోజు నన్ను లోపలికి రానివ్వలేదు, వేరే నర్సు సాయం ఉంది. ముందు ఎత్తండమ్మ వచ్చి, పక్క గదిలో చేతిని కాసేపు వదులు చేసి, బల్ల దాకా తనే తీసుకెళ్ళింది. తలుపు మూసుకుంది.

నేనూ మీ పెదనాన్నా బయట మిగిలాం. ఇక మాకు తెలిసిందొక్కటే: తలుపు వెంటనే తెరుచుకుందంటే చెయ్యి వెళ్ళనట్టు. క్రితంసారి వెంటనే తెరుచుకుంది. వాడు తలుపు వంకే చూస్తున్నాడు. ఇంటి దగ్గర్నుంచీ మెడలో టేపు అలాగే వేలాడుతోంది, తియ్యడం మర్చిపోయాడు. నేను చెప్పలేదు.

లోపల్నుంచి ఏదో మాట వినపడింది. ఎవరిదో అడుగుల చప్పుడు తలుపు దగ్గరికి వచ్చింది. గడియ కదిలింది. మీ పెదనాన్న నా చెయ్యి పట్టుకున్నాడు, ఎముకలు విరిగేలా పట్టుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. ఎత్తండమ్మ ఒక్కతే బయటికి వచ్చింది. వెనక్కి తిరిగి తలుపు దగ్గరగా వేసింది.

"ఏమైందమ్మా?" అన్నాను.

"యంత్రం నడిచేటప్పుడు లోపల అక్క ఒక్కతే ఉండాలి మామ్మగారూ. అందుకే వచ్చేశాను. అక్క చెయ్యి తొట్టిలో పెట్టింది. ఇక అక్కడ ఉంచడం ఆవిడ పని."

తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది. మీ పెదనాన్న దాని ఎదురుగా నిలబడి పెదవులు కదుపుతున్నాడు. ఏ మంత్రం చదువుతున్నాడోనని చెవి దగ్గరగా పెట్టాను. "వదులు… పీల్చు… వదులు… పీల్చు" అంటున్నాడు.

దీపం ఆరేదాకా నేను కూర్చోలేదు, వాడూ కూర్చోలేదు, చివరికి ఎత్తండమ్మా కూర్చోలేదు.

మీసాలాయన ముందు బయటికి వచ్చాడు. మా ముఖాలు చూసి, "మంచి కొలత వచ్చింది" అని చెప్పి వెళ్ళిపోయాడు. తర్వాత మీ పెద్దమ్మ వచ్చింది. చెయ్యి పట్టుకుని నలుపుకుంటోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నవ్వుతోంది. మీ పెదనాన్న దగ్గరికి వచ్చి జాకెట్టు మెడ కొంచెం పక్కకు జరిపి చూపించింది. చర్మం మీద సిరాతో గీతలు, చిన్న చిన్న గుర్తులు, కూడిక గుర్తుల్లాంటివి. ఎక్కడ కరెంటు పెట్టాలో కొలిచి గీశారన్నమాట.

"మార్కింగు వేసేశారండీ" అంది.

అప్పుడు కూర్చున్నాడు వాడు. ఉన్నచోటే, నేల మీదే కూర్చుండిపోయాడు. మన ఇంట్లో పుట్టిన వాళ్ళకు ఆ మాటకు అర్థం వేరే చెప్పక్కర్లేదు. గుడ్డ మీద మార్కింగు పడిందంటే ఇక తర్జనభర్జనలు అయిపోయినట్టే, పని మొదలైనట్టే.

ఆ తర్వాత రోజూ వెళ్ళి కరెంటు పెట్టించుకుంది. ఒళ్ళు నల్లబడింది, నీరసం వచ్చింది, అదంతా వేరే కథ. చెయ్యి ఇప్పటికీ కొన్ని పొద్దుల్లో పట్టేస్తుంది. ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు వస్తే ఇప్పటికీ మేమంతా మాటలు తగ్గిస్తాం. కానీ కత్తెర మళ్ళీ పట్టింది.

ఎవరింట్లోనైనా ఇలాంటి ఆపరేషన్ అయిందని నువ్వు వింటావు, ఇవాళ కాకపోతే రేపు. చూడ్డానికి పళ్ళు పట్టుకుని వెళ్తావు కదా, ఈ కథ కూడా పట్టుకెళ్ళు. అక్కడ ప్రేమగా చేతిని కట్టేసి కూర్చున్న వాళ్ళెవరైనా ఉంటే, పక్కన కూర్చుని చెప్పు. నేను చెప్పినట్టే చెప్పక్కర్లేదు, నీకు వచ్చినట్టు చెప్పు. మీ పెదనాన్నను మరీ వెధవను చెయ్యకు, వాడు భయపడ్డాడంతే. కండక్టరు మాటలు మాత్రం వదిలెయ్యకు, అక్కడ నవ్వాలి వాళ్ళు. గుర్తుంటుందా? ఏదీ, ఒకసారి నాకు చెప్పు చూద్దాం.